కాకిబండ మీద మర్యాద

సెప్టెంబరు 14

ఈరోజు విశేషమేమీ లేదు.

అవతలి ఒడ్డున ఆప్రికాట్ తోటలో గడ్డి కోయించాలని బల్లకట్టు ఎక్కాను. దాన్యూబ్ మామూలే, గాలి మామూలే. సరంగు త్సౌనర్ గారు మామూలుగానే టోపీ ఎత్తి, "నమస్కారం పోల్డి గారూ, మీరు కులాసాయేనా?" అన్నారు. నేను "కులాసాయేనండీ, మీరు?" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే పాట. కానీ ఈరోజు నది మధ్యకు వచ్చాక ఆయన చుక్కాని వదలకుండానే తలెత్తి మా కొండవైపు చూశారు.

"పుట్టినప్పట్నించీ ఈ నదిని కింద నుంచే చూస్తున్నానండీ. ఒక్కసారి కాకిబండ ఎక్కి పైనుంచి చూడాలని ఉంది. దారి మీ ద్రాక్షతోటలోంచేగా? మీకు తీరికున్నప్పుడు చూపిస్తారా?"

తీరికట! ద్రాక్ష కోతలు నెత్తిమీదికొచ్చి కూర్చుంటే. "చూద్దాం లెండి" అని ముక్తసరిగా అనేసి దిగిపోయాను. దిగి కుడివైపు తిరగాల్సినదాన్ని ఎడమవైపు నడిచి, చర్చి గోడ తగిలాక గాని తోట ఇటు కాదని గుర్తు రాలేదు.

ఒక్క సంగతి మాత్రం రాసుకోవాలి. బల్లకట్టు మీద ఆయన అందరినీ నువ్వంటారు. మేయర్ని నువ్వంటారు. ఫాదర్ గారిని "ఏంట్రా, నిన్న నీ ప్రసంగంలో సగం మంది నిద్రపోయారట" అంటారు. గొర్రెల్ని, బాతుల్ని, దారి తప్పి వచ్చిన జర్మనీ ప్రొఫెసర్ని కూడా నువ్వంటారు. నన్ను మాత్రం మీరు! నేనేమన్నా పన్నుల ఆఫీసరునా?

తప్పెవరిదీ కాదు. పెళ్లై క్రెమ్స్ నుంచి ఈ ఊరొచ్చినప్పుడు అందరితోనూ పద్ధతి ప్రకారం మోచేతులు మెలేసి వైన్ తాగించి, నన్ను మీరులోంచి నువ్వులోకి దించారు. ఆ రోజు ఈయనకు జ్వరం. తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది. మా ఆయన వియన్నా ఆవిడతో చక్కా పోయి పన్నెండేళ్లైంది, ఆ పెళ్లి పోయినా ఆ మీరు మాత్రం అలాగే ఉండిపోయింది. నువ్వనుకుందామని ముందు చెప్పాల్సింది వయసులో పెద్దవాళ్లు. ఆయన నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కాబట్టి ఆయనే చెప్పాలి. చెప్పరు. చెప్పకపోతే మానె, నాకేంటి.

సెప్టెంబరు 16

బూట్లు కొన్నాను. ద్రాక్షతోట పనికి.

సెప్టెంబరు 17

మా అక్క కూతురు వ్రోని నాతోనే ఉంటుంది, తోట, వైన్ గది అన్నీ అదే చూసుకుంటుంది. పనిలో బంగారం. నోరు మాత్రం కత్తెర.

"పిన్నీ, ఇవి కొండలెక్కే బూట్లు."

"మన తోట కొండ మీద కాక పళ్లెంలో ఉందా?"

"ఎర్ర లేసులు కూడా కొన్నావు."

"దుకాణంలో అవే ఉన్నాయి."

"లిప్‌స్టిక్ కూడా దుకాణంలో అదే ఉందా?"

పెదాలు పగులుతున్నాయని చెప్పాను. నమ్మింది. నమ్మినట్టే ఉంది. వంటింట్లోకి వెళ్లి ఎందుకో అంతసేపు దగ్గింది.

సెప్టెంబరు 20

దారి బాగుందో లేదో చూసి రావడం నా బాధ్యత. నా తోటలోంచి వెళ్లి ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటే నామీదికే కదా వస్తుంది. అందుకని కాకిబండ దాకా ఒక్కదాన్నే ఎక్కి వచ్చాను.

రాతిగోడల మధ్య మెట్లు బాగానే ఉన్నాయి. పై అంచెలో ఒకచోట గోడ కూలింది. తర్వాత ఓక్ చెట్లు, ఆ తర్వాత బండకు బిగించిన ఇనప నిచ్చెన. అది ఎక్కితే అంతే, బండ అయిపోతుంది, కాళ్లకింద గాలి, గాలికింద ద్రాక్షతోటలు అంచెలంచెలుగా దిగి నదిలోకి పోతాయి. ఎవరూ లేరు కదా అని రెండు చేతులూ చాచి గట్టిగా అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయను. ఒక పేరు. కాకులు లేచిపోయాయి.

యాభై ఆరేళ్ల మనిషికి ఇదేం పిచ్చి!

అక్కడ కూర్చుని ఒకటి ఆలోచించాను. ఎత్తైన కొండల మీద, వెయ్యి మీటర్లు దాటాక, మంత్రిగారైనా కూలివాడైనా ఒకరినొకరు నువ్వే అనుకుంటారు. ఆల్ప్స్‌లో ఎవరినడిగినా చెబుతారు. మా కాకిబండ అందులో సగం కూడా లేదు. దేవుడు ఇంకో నాలుగు బుట్టల రాళ్లు వేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

మోకాళ్లు మంటెత్తిపోతున్నాయి. హాయిగా ఉంది.

సెప్టెంబరు 24

వ్రోని రొట్టెల కొట్టు నుంచి వార్త మోసుకొచ్చింది. చలికాలం మొదలవగానే బల్లకట్టు కొత్త సరంగు చేతికి వెళ్తుందట. త్సౌనర్ గారి చెల్లెలు దూరాన గ్రాజ్ పట్నంలో ఆయనకో గది సిద్ధం చేసి, వచ్చేయమని ఒకటే పోరట. ద్రాక్ష కోతలు అయ్యేలోగా ఏదో ఒకటి చెప్తానన్నారట.

"అయితే కాకిబండ ఎక్కడం ఊరికి టాటా చెప్పడానికన్నమాట" అంది వ్రోని, నా మొహం చూస్తూ.

"మంచిదేగా. పెద్ద వయసులో తోడు ఉండాలి."

"పిన్నీ, నువ్వు ఉల్లిపాయ తొక్క తీయకుండా తరుగుతున్నావు."

తొక్కలో బలం ఉంటుందన్నాను.

సెప్టెంబరు 25

నాకేంటి.

సెప్టెంబరు 26

గ్రాజ్‌లో నది చాలా చిన్నదట. బల్లకట్టు కూడా లేదట. నేనేం కనుక్కోలేదు, ఫాదర్ గారే మాటల్లో అన్నారు, నేను అడిగితే.

నాకేంటి.

అక్టోబరు 2

కోతలు. నడుము పడిపోయింది. మధ్యాహ్నం బల్లకట్టు పని లేనప్పుడు త్సౌనర్ గారు చెప్పాపెట్టకుండా వచ్చి, నా పక్క వరసలోనే నిలబడి కోశారు. అడగలేదు, పిలవలేదు, వచ్చారు! వరస పొడుగునా ఆకుల అవతల ఆయన చేతులు, ఇవతల నా చేతులు. "ఈ గుత్తి మీదా నాదా అండీ?" "మీరే కోయండి." "అబ్బే, మీరు కోయండి." ఆ గుత్తి ఇంకా తీగకే ఉందనుకుంటాను.

తర్వాత మా పిల్లి వచ్చింది. ఆయన వంగి దాని గడ్డం కింద గోకుతూ, "నువ్వెంత ముద్దుగా ఉన్నావే! నువ్వు నాతో గ్రాజ్ వస్తావా?" అన్నారు.

పిల్లికి నువ్వు! నిన్నగాక మొన్న పరిచయమైన పిల్లికి! దానికి ఈరోజు పాలు పోయలేదు. (పోశాను. కానీ కొంచెమే.)

అక్టోబరు 6

వ్రోని చేసిన ఘనకార్యం రాస్తాను.

ఇక్కడ వైన్ పోస్తున్నామని గుర్తుగా గుమ్మానికి పచ్చిమండ కట్టాం. సాయంత్రానికల్లా మా వైన్ తాగడానికి ఊరు ఊరంతా వచ్చి పెరట్లో బల్లలన్నీ నింపేసింది. ఈయన మూల బల్ల దగ్గర ఒక్కరే కూర్చున్నారు. వ్రోని నన్ను లాక్కెళ్లి ఎదురుగా కూలేసింది.

"సరంగుగారూ, మా పిన్నితో ఒక్క గ్లాసు. చేతులు మెలేసి తాగేయండి. ముప్పై ఏళ్లుగా మీరూ మీరూ అనుకుంటుంటే వినలేక చస్తున్నాం."

ఆయన చెవులు ఎర్రగా కాగిపోయాయి. గ్లాసు పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. మోచేతులు ముందుకు వంగాయి. అప్పుడు ఆయన గ్లాసులోకి చూసి ఆగిపోయారు.

"ఇది తుఫాను అండీ."

చూశాను. నిజమే. మా మొద్దు పిల్ల సీసా వైన్ తేవాల్సింది పోయి, ఇంకా బుసబుసలాడుతున్న కొత్తరసం, మేం తుఫాను అనేది, పోసుకొచ్చింది. తుఫానుతో గ్లాసులు తగిలించకూడదు. అది ఇంకా వైన్ కాలేదు కదా, దానితో శుభం పలకడం మా లోయలో ఎక్కడా లేదు. గ్లాసులే తగలకపోతే ఇంక చేతులు మెలేసేదేంటి?

"అవునండీ, తుఫానుతో ఎలా కుదురుతుంది" అన్నాను నేను. నా నాలుక తెగిపోను, నేనే అన్నాను!

"కుదరదండీ" అన్నారాయన చాలా దిగులుగా.

ఇద్దరం మర్యాదగా ఎవరి గ్లాసు వాళ్లం తాగాం. వ్రోని తలను గోడకేసి కొట్టుకుంది. నిజంగానే కొట్టుకుంది, శబ్దం వచ్చింది.

వెళ్తూ వెళ్తూ ఆయన, "వచ్చే ఆదివారం కాకిబండ... మీకు వీలేనా?" అన్నారు.

వీలే.

అక్టోబరు 10

ఆదివారం వాన పడకుండా ఉంటే బాగుండు. మిగిలిన కోతల కోసం అంటున్నాను.

అక్టోబరు 11

కోతలు అయిపోయాయి. అయినా వాన పడకూడదు.

అక్టోబరు 13

ఎక్కణ్నించి మొదలుపెట్టను?

ఆయన వెండి బొత్తాల కోటు వేసుకుని వచ్చారు. కొండ ఎక్కడానికి! నేను మాత్రం మామూలు పాత లంగా. జాకెట్టు కొత్తది, కానీ దాన్ని ఎప్పుడో ఒకప్పుడు వేసుకోవాలి కదా. సంచిలో రొట్టె, పొగబెట్టిన పందిమాంసం, పోయినేటి వైన్ సీసా ఒకటి పెట్టుకున్నాను. గ్లాసులు రెండు. ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలి కదా.

తోట మెట్ల మీద బాగానే నడిచాం. ఓక్ చెట్ల కింద కూడా బాగానే నడిచాం. ఆయన ఈల వేశారు. నేనూ వేశాను. నాకు ఈల రాదు, ఉత్త గాలి వచ్చింది, ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇనప నిచ్చెన దగ్గర నేను ముందు ఎక్కి పైనుంచి చూస్తే, ఆయన సగంలో నిచ్చెనను కావలించుకుని కళ్లు మూసుకున్నారు.

"త్సౌనర్ గారూ! ఏమైందండీ?"

"ఏం లేదండీ. నేను ఇక్కడ ఉంటాను. మీరు చూసి రండి."

"నిచ్చెన మీద ఉంటారా?"

"బాగానే ఉందండీ ఇక్కడ. గట్టిగా ఉంది."

"మీకు ఎత్తంటే భయమా? ముందే చెప్పొచ్చు కదండీ!"

"నాకూ తెలీదండీ. ఎప్పుడూ ఎక్కలేదుగా. నీళ్ల మీదైతే కాళ్లకింద నీళ్లుంటాయి. ఇక్కడ ఏం లేదు."

నేను బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచాను. "కుడికాలు ఎత్తండి."

"ఎత్తానండీ."

"అది ఎడమకాలండీ."

"క్షమించండి."

"ఫర్వాలేదండీ. ఇప్పుడు రెండోది."

చావుబతుకుల మధ్య వేలాడుతూ కూడా ఒక్క అండీ వదల్లేదు ఇద్దరం! చివరికి నేను కాలరు పట్టుకుని లాగాను. వెండి బొత్తాం ఒకటి ఊడి ఎగిరి మా ద్రాక్షతోటలో పడింది. ఆయన బండ మీద పాకుతూ అంచు దాకా వచ్చి, గడ్డం ఆనించి, మెల్లగా కళ్లు తెరిచారు.

నది ఎండలో వంపు తిరిగి పడుకుని ఉంది. రెండు వైపులా తోటలు పచ్చగా, పసుపుగా, అక్కడక్కడా ఎర్రగా. మధ్యలో ఆయన బల్లకట్టు, అగ్గిపెట్టెంత. "ఇంత చిన్నదా!" అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందు రావాలో తేలక ఎక్కిళ్లు వచ్చాయి.

అంతలో ఆయన మొహం మారిపోయింది. ఆదివారాలు బల్లకట్టు నడిపే మనిషి దాన్ని కాస్త అడ్డంగా తీసుకెళ్తున్నాడు. అంతే, భయం గియం ఎటు పోయిందో, మోకాళ్ల మీద లేచి అరిచారు.

"ఒరేయ్! చుక్కాని తిప్పు! నిన్నేరా! నువ్వు దాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నావురా!"

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్ల మంట ఒక్కసారిగా.

"అతన్నీ నువ్వేనా!" అన్నాను. "అంత కింద, చీమంత ఉన్న మనిషిని నువ్వంటారు, మా పిల్లిని నువ్వంటారు, పక్కన కూర్చున్నదాన్ని మాత్రం మీరంటారు! నేనేం పాపం చేశానండీ?"

ఆయన నోరు తెరుచుకుని చూశారు. "మీరు చెప్పలేదుగా మరి?"

"నేనా? మీరు చెప్పాలి! మీరు పెద్ద!"

"మీరు ఆడవారు! ముందు చెప్పాల్సింది ఆడవాళ్లే. మా అమ్మ చెవి మెలేసి మరీ నేర్పింది."

"మా అమ్మ వయసు ముందంది!"

"ఆడవాళ్లు ముందండీ!"

"వయసు ముందండీ!"

ఆ కొండ చివర, కాకుల మధ్య, ఇద్దరు ముసలి మూర్ఖులం ఎంత మర్యాదగా కొట్టుకున్నామో! ఆయన గొంతు తగ్గింది.

"నేను ఎదురు చూశానండీ, మీరు చెబుతారని. మొదట్లో మర్యాద కోసం చూశాను. ఈమధ్య ఏళ్లన్నీ..." ఆగారు. బండ మీద గోటితో గీస్తూ కూర్చున్నారు. "ఆవిడకు ఇష్టం లేదు కాబోలు, అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నాను. మా చెల్లెలు రమ్మంటే, సరే, ఇక్కడ నాకు ఎవరున్నారని..."

"నువ్వు గ్రాజ్ వెళ్లావంటే కాళ్లు విరగ్గొట్టి ఈ బండ మీదే కూర్చోబెడతాను!"

నోరు మూసుకున్నాను. రెండు చేతులతో. ఆలస్యమైపోయింది, మాట బయటికి వచ్చేసింది, లోయలోకి కూడా పోయింది.

"ఏమన్నారు?"

"ఏం అనలేదండీ."

"అన్నారు. ఇంకోసారి అనండి."

"నువ్వు..." అన్నాను. తర్వాతి ముక్క రాలేదు. చచ్చేంత సిగ్గు. యాభై ఆరేళ్లు వచ్చి ఏం లాభం!

ఆయన నా సంచిలోంచి సీసా తీసి, అది నిజంగా వైనేనా అని వెలుతురుకు ఎత్తి చూశారు. పోశారు. మోచేతులు మెలేశాం. సగం ఆయన కోటు మీద, సగం నా కొత్త జాకెట్టు మీద పడింది.

"నా పేరు ఎంగెల్బెర్ట్" అన్నారు.

"తెలుసు."

"అయినా చెప్పాలి. పద్ధతి. అందరూ బెర్ట్ల్ అంటారు."

"నా పేరు పోల్డి."

బుగ్గ మీద ముద్దు పద్ధతిలో ఉన్నదే. రెండోది పద్ధతిలో లేదు. రెండోది బుగ్గ మీద కూడా కాదు.

అక్కడ నుంచి నేను నడిచి దిగానో, ఎగిరి దిగానో దేవుడికే తెలియాలి. కానీ ఒక్కటి. దిగేటప్పుడు ఆయన దారి పొడుగునా ఒక్కసారి కూడా నువ్వనలేదు. మీరు కూడా అనలేదు. "ఇక్కడ జారుతుంది" అన్నారు. "చెయ్యి అందిస్తే తేలిక" అన్నారు. "ఆకలేస్తే రొట్టె ఉంది" అన్నారు. ఎవరికి జారుతుంది? ఎవరికి ఆకలి? మా గుమ్మం దగ్గర టోపీ ఎత్తి, "చెల్లెలికి ఫోన్ చెయ్యాలి" అని వెళ్లిపోయారు. ఏం చెప్పడానికి ఫోనో చెప్పలేదు.

పైన గాలి తలకెక్కి అలా అయిందేమో. కిందికి వచ్చాక ఆయనకు బుద్ధి వచ్చిందేమో.

వ్రోని నా జాకెట్టు మీద మరక చూసి, "తుఫానా?" అంది.

"వైన్" అన్నాను. అది కెవ్వున అరిచి నన్ను ఎత్తి తిప్పేసింది. దానికి ఆ గ్రాజ్ ఫోను సంగతి చెప్పలేదు.

ఆయన అన్నారు, ఆయన వెళ్లారు అనే రాస్తున్నాను ఇంకా. అన్నాడు. వెళ్లాడు. ఉహూ, చెయ్యి తిరగడం లేదు.

అక్టోబరు 14

అవతలి ఒడ్డున పనేమీ లేదు. వెళ్లాను.

బల్లకట్టు నిండా జనం. మేయరు, రొట్టెల కొట్టావిడ, ఫాదర్ గారు, ఎవరిదో ట్రాక్టరు, మేకలు. ఆయన టోపీ ఎత్తారు. నమస్కారం వరకే. మీరు కులాసాయేనా అన్న ముక్క లేదు. నువ్వూ లేదు. నేను వెళ్లి ఇనప పలక దగ్గర, ఒడ్డు వచ్చినప్పుడు దించే పలక, దాని పక్కన నిలబడి నీళ్లలోకి చూస్తూ ఉన్నాను. అయిపోయిందన్నమాట, అనుకున్నాను.

నది మధ్యకు వచ్చాక ఫాదర్ గారు అడిగారు. "అయితే బెర్ట్ల్, గ్రాజ్ ప్రయాణం ఎప్పుడు?"

"వెళ్లట్లేదు. రానని నిన్ననే ఫోన్ చేసి చెప్పేశా."

"అదేం? అంతా కుదిరిందన్నావుగా?"

"నీకెందుకు? మఫ్లర్ కట్టుకో, గాలి కొడుతోంది."

నేను తిరగలేదు. మెడ అటు తిరగనంది. ఒడ్డు దగ్గరికొచ్చింది. వెనకాల అడుగుల చప్పుడు, చుక్కాని కట్టేసి వస్తున్నాడు. నా వెనకే ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి. ఇంకోసారి.

"పోల్డీ, నువ్వు కొంచెం పక్కకి జరుగు. పలక దించాలి."

రొట్టెల కొట్టావిడ బుట్ట జారవిడిచింది. మేయరు టోపీ తీసేశాడు. ఫాదర్ గారు శిలువ గుర్తు వేసుకున్నారు. పలక దించితే గాని ఎవరూ దిగడానికి లేదు, అందరూ నావైపే చూస్తున్నారు.

నేను జరగలేదు. ఇంకోసారి అననీ.